కృష్ణ పదార్థం కోసం రేడియో తిప్పేవాళ్ళు, మా దొంగ రీడింగులు



పోస్టు కొంచెం పొడుగు. మెస్సు లైన్లో నిలబడినప్పుడో, బస్సులో కూర్చున్నప్పుడో చదువుకోండి. టైప్ చేస్తున్నది ఒక్కడే గానీ మాట ముగ్గురిది. మేము ముగ్గురం విజయవాడలో ఒకే హాస్టల్ రూములో ఉంటాం. ఒకడిది దివిసీమ, నాగాయలంక వైపు, యానాది. ఒకడిది ఎ.కొండూరు మండలంలో తండా, సుగాలి. ఒకడిది చింతూరు దగ్గర కోయ గూడెం. ముగ్గురికీ ఇరవయ్యో ఏడు, ముగ్గురిదీ ఫిజిక్స్ డిగ్రీ. మూడు ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పేర్లు ఎందుకులే, ఊళ్ళతోనే పిలుచుకుంటాం కాబట్టి ఇక్కడ కూడా అలాగే రాస్తాం.

మొన్న మా క్లాసులో సెమినార్లు పెట్టారు. మేడమ్ చీటీలు రాసి డబ్బాలో వేసి తీయమన్నారు. మాకు వచ్చిన చీటీలో ఇంగ్లీషులో ఉంది: రేడియో రిసీవర్లతో డార్క్ మ్యాటర్ కణాల వెతుకులాట. పక్క బ్యాచ్‌కి సోలార్ ప్యానెల్ వచ్చింది, ఇంకో బ్యాచ్‌కి ఎల్ఈడీ బల్బు వచ్చింది. మాకేమో ఇది. డార్క్ మ్యాటర్‌ని తెలుగులో ఏమంటారో చూస్తే కృష్ణ పదార్థం అని ఉంది. "మనకి సరిగ్గానే వచ్చింది మావా, కృష్ణా బ్యారేజీ దగ్గర గాలం వేస్తే దొరుకుద్ది" అన్నాడు తండా వాడు. చింతూరు వాడు ఊరుకుంటాడా, "ఆ బ్యారేజీలో సగం నీళ్ళు పట్టిసీమ నుంచి తోడి తెచ్చిన మా గోదావరి నీళ్ళేరా, దొరికితే వాటా ఇవ్వాలి" అన్నాడు. నవ్వుకున్నాం. నవ్వు రెండు రోజులే. తర్వాత చదవడం మొదలుపెట్టాం.

ముందు ఆ పదార్థం సంగతి. మన చేలల్లో జొన్న కంకికొచ్చినప్పుడు పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పుతాం కదా. రాయి ఎంత వేగంగా తిరిగితే తాడు మీద అంత లాగుడు పడుతుంది. తాడు అంత లాగుడుకి ఆగలేకపోతే తెగి రాయి పోతుంది. నక్షత్రాలు కూడా తమ గెలాక్సీ నడిమధ్య చుట్టూ ఇలాగే తిరుగుతుంటాయి. వాటికి తాడు గురుత్వాకర్షణ. 1970లో వెరా రూబిన్ అనే ఆవిడ, కెంట్ ఫోర్డ్ అనే ఆయన కలిసి ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచారు. అంచుల్లో ఉన్నవి నెమ్మదిగా తిరగాలి, కానీ లోపలి వాటిలాగే వేగంగా తిరుగుతున్నాయి. కనిపించే నక్షత్రాలు, గ్యాస్ అన్నీ కలిపి లెక్కేసినా అంత వేగాన్ని పట్టి ఉంచే తాడు అక్కడ లేదు. అయినా రాళ్ళు ఎగిరిపోవడం లేదు. అంటే కనపడని తాడు ఇంకేదో ఉంది. అంతకు చాలా ముందే, 1933లో ఫ్రిట్జ్ జ్వికీ గెలాక్సీల గుంపులో ఇలాంటి తేడానే చూశాడు, అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పటి లెక్క ప్రకారం విశ్వంలో ఉన్న పదార్థంలో నూటికి 85 వంతులు ఆ కనపడనిదే. మన కొండలు, నదులు, మనం, సూర్యుడు, అన్నీ మిగతా 15లో సర్దుకోవాలి.

అది దేంతో తయారైందో ఇంకా పట్టుకోలేదు. ఊహలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి యాక్సియన్ అనే కణం. ఆ పేరు ఒక బట్టల సబ్బు పొడిది. 1978లో ఫ్రాంక్ విల్చెక్ పెట్టాడు, ఫిజిక్స్‌లో వేరే చోట ఉన్న ఒక మరకని ఈ కణం కడిగేస్తుందని. ఆ మరక కథ న్యూక్లియస్ లోపలి బలాలకి సంబంధించింది, అది మాకే సరిగ్గా ఎక్కలేదు కాబట్టి వదిలేస్తున్నాం. మనకి కావాల్సింది ఇంతే: యాక్సియన్ ఉంటే దాని బరువు చాలా చాలా తక్కువ, అందుకని సంఖ్య విపరీతంగా ఉండాలి. ఇప్పుడు వెతుకుతున్న బరువు దగ్గర, కృష్ణ పదార్థం మొత్తం అదే అయితే, మన చుట్టూ ఒక్కో ఘన సెంటీమీటరులో వంద లక్షల కోట్లకు పైగా ఉంటాయి. చింతపిక్కంత చోట. ఈ పోస్టు చదువుతున్న మీ చేతిలోంచి కూడా పోతుంటాయి, ఏమీ చెయ్యకుండా.

ఏమీ చెయ్యని దాన్ని పట్టుకునేదెట్టా? ఇక్కడే రేడియో వస్తుంది.

మా హాస్టల్ వాచ్‌మన్ బాబాయి దగ్గర పాత ట్రాన్సిస్టర్ ఉంది. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్, ఆకాశవాణి విజయవాడ. 1948 డిసెంబర్ 1న మొదలైన కేంద్రం అది. బాబాయి పొద్దున్నే పెడితే మాకు అలారం అక్కర్లేదు. రేడియో అంటే దివిసీమ వాడికి వేరే జ్ఞాపకం. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు వాళ్ళ మామ్మ వాళ్ళ పల్లెలో రేడియో ఒక్కటీ లేదంట. హెచ్చరిక గాల్లో ఉన్నా పట్టుకునే పెట్టె లేదు. మామ్మ ఇప్పటికీ ఆ మాట అంటుంది, సముద్రం గురించి కన్నా ఆ పెట్టె గురించే ఎక్కువ అంటుంది.

బాబాయిని బతిమాలి ఆ సెట్టు వెనక మూత తీయించాం. మీట తిప్పితే లోపల రేకులు ఒకదాని సందులోకి ఒకటి దూరతాయి. మెకానిక్కులు దాన్ని గ్యాంగ్ కండెన్సర్ అంటారు. రేకులు దూరే కొద్దీ సెట్టు ఏ ఫ్రీక్వెన్సీకి ఊగాలో మారుతుంది. గాల్లో అన్ని స్టేషన్లూ ఒకేసారి ఉంటాయి, మనం ట్యూన్ చేసిందే గట్టిగా వినపడుతుంది. ఉయ్యాలని దాని ఊపుకి తగ్గట్టు తోస్తేనే ఎత్తుకి పోతుంది కదా, అదే రెజొనెన్స్.

1983లో పియర్ సికివీ అనే శాస్త్రవేత్త ఒక మాట అన్నాడు. బలమైన అయస్కాంత క్షేత్రంలో యాక్సియన్ ఒక్కోసారి ఫోటాన్‌గా, అంటే వెలుతురు కణంగా మారగలదు. ఆ వెలుతురు కంటికి కనపడేది కాదు, రేడియో తరంగం. దాని ఫ్రీక్వెన్సీ యాక్సియన్ బరువుని బట్టి ఉంటుంది. కాబట్టి పెద్ద అయస్కాంతం మధ్యలో ఒక లోహపు డబ్బా పెట్టు, ఆ డబ్బాని రేడియోలా ట్యూన్ చేస్తూ పో, సరైన ఫ్రీక్వెన్సీ తగిలితే డబ్బా చిన్నగా మోగుతుంది. అంతే ఆలోచన. చదివినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. ఆ సూత్రం మా రెండో సంవత్సరం ల్యాబులో ఉన్నదే.

(ఒక చిన్న పక్క మాట. ఫోటాన్‌కి స్పిన్ ఒకటి అని ప్రయోగంతో చూపించిన వాళ్ళలో సూరి భగవంతం గారు ఉన్నారు, సి.వి. రామన్ గారితో కలిసి, 1930ల మొదట్లో. ఆయనది అప్పటి కృష్ణా జిల్లా అగిరిపల్లి. మా హాస్టల్ నుంచి నూజివీడు దారిలో పాతిక ముప్పై కిలోమీటర్లు. యాక్సియన్‌కి స్పిన్ సున్నా. సున్నా ఉన్నది ఒకటి ఉన్నదిగా మారాలంటే మధ్యలో అయస్కాంతం చెయ్యి వేయాలి. మేము ఎన్నోసార్లు అగిరిపల్లి మీదుగా బస్సులో పోయాం, ఎవరూ చెప్పలేదు.)

ఆ డబ్బాని నిజంగా కట్టినవాళ్ళలో పెద్దది ఏడీఎమ్‌ఎక్స్ అనే ప్రయోగం. 1990లలో అమెరికాలోని లివర్‌మోర్ ల్యాబులో మొదలై, 2010 ప్రాంతంలో సియాటెల్‌కి, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి మారింది. సియాటెల్ అంటే విజయవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఊరు, ఎవరింట్లో చూసినా ఒకరు అక్కడే ఉంటారు. వాళ్ళలో ఎవరైనా ఈ డబ్బా సంగతి విన్నారో లేదో.

డబ్బా రాగి పూత పూసిన ఉక్కు. ఎత్తు మీటరు, మన ఇంటి ముందు నీళ్ళ డ్రమ్ము కన్నా కాస్త చిన్నది. లోపల రెండు రాగి కడ్డీలు, వాటిని మోటార్లు కొంచెం కొంచెం జరుపుతుంటాయి. అదే వాళ్ళ గ్యాంగ్ కండెన్సర్. చుట్టూ 7.6 టెస్లా అయస్కాంతం, మన భూమి అయస్కాంతం కన్నా లక్షన్నర రెట్ల పైనే బలం. డబ్బాని ఎంత చల్లగా ఉంచుతారంటే, పరమ శూన్యానికి ఒక డిగ్రీలో ఆరో ఏడో వంతు పైన. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీల్లో, మూడు రెక్కల్లో ఒకటి వంగిన ఫ్యాన్ కింద కూర్చుని ఇది చదివాం. చలి ఎందుకంటే వేడి వస్తువు ఏదైనా దానంతట అదే రేడియో గోల చేస్తుంది. స్టేషన్లు లేని చోట బాబాయి సెట్టులో వచ్చే బుస్సుమనే చప్పుడు లాంటిది. ఆ గోలలో వీళ్ళ సిగ్నల్ వినపడదు.

ఎంత చిన్న సిగ్నలో చెప్తాం. ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ బలం మైనస్ నూట పది అనో, మైనస్ ఎనభై అనో ఉంటుంది. చింతూరు వాడి గూడెంలో ఫోన్ రావాలంటే గుట్ట ఎక్కాలి, అక్కడ ఒక ఇప్పచెట్టు ఉంది, దాని కింద నిలబడితే ఒక్క గీత. వాడు పోయినసారి వెళ్ళినప్పుడు చూస్తే మైనస్ నూట పది. ఏడీఎమ్‌ఎక్స్ డబ్బాలో రావాల్సిన సిగ్నల్, ఆ ఒక్క గీతలో దాదాపు నూరు కోట్లో వంతు. వింత ఏంటంటే ఫ్రీక్వెన్సీలు మాత్రం మన ఫోన్లవే. వాళ్ళు 2018లో 645 నుంచి 680 మెగాహెర్ట్జ్ వరకు వెతికిన ఫలితం వేశారు, 2020లో 680 నుంచి 790, 2021లో 800 నుంచి 1020. మన ఫోన్లు నడిచే 850, 900 బ్యాండ్లు అందులోనే ఉన్నాయి. బయట ప్రపంచమంతా అక్కడే అరుస్తుంటే, లోహంతో కప్పేసుకున్న డబ్బాలో ఏదైనా గుసగుస వినపడుతుందేమో అని వాళ్ళు చెవి పెట్టి కూర్చున్నారు. ఒక్కో చోట ఆగి, చాలాసేపు విని, సగటు తీసి, కడ్డీ జరిపి, మళ్ళీ. గోల సగటులో నెమ్మదిగా సద్దుమణుగుతుంది, నిజం సిగ్నల్ ఉంటే అలాగే నిలబడుతుంది. అమెరికాలోనే యేల్‌లో, దక్షిణ కొరియాలో, ఆస్ట్రేలియాలో కూడా ఇలాంటి డబ్బాలు వేరే ఫ్రీక్వెన్సీల్లో తిప్పుతున్నారు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళయితే ఇంకా కింద ఫ్రీక్వెన్సీల కోసం మొదలుపెట్టిన దానికి డార్క్ మ్యాటర్ రేడియో అనే పేరే పెట్టుకున్నారు.

ఇంతకీ ఏం దొరికింది? ఏమీ దొరకలేదు.

ఇది తెలిసిన రోజు రాత్రి మా రూములో గొడవైంది. తండా వాడు లేచి కూర్చున్నాడు. "ముప్పై ఏళ్ళు వెతికి ఏమీ దొరకలేదని పేపర్ వేసుకుంటారా? మనం ఇంటికెళ్ళి మూడేళ్ళు చదివాం ఏమీ దొరకలేదంటే ఊరుకుంటారా?" అన్నాడు. వాడి కోపం యాక్సియన్ మీద కాదని మాకు తెలుసు. వాళ్ళ బా కిడ్నీ జబ్బుతో ఉన్నాడు. ఎ.కొండూరు తండాల సంగతి గ్రూపులో చాలామందికి తెలిసే ఉంటుంది, చెప్పక్కర్లేదు. యాడి ఒక్కతే కూలికి పోతోంది. వాడు డిగ్రీ మానేసి కానిస్టేబుల్ కోచింగ్‌కి పోతానని అప్పటికే రెండుసార్లు సంచి సర్దాడు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా యాడి అడిగేది ఒకటే, "ఎప్పుడైపోతుంది, అయ్యాక ఏం వస్తుంది". దానికి మా ముగ్గురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

అప్పుడు దివిసీమ వాడు వాళ్ళ నాయన సంగతి చెప్పాడు. నాయన వరి చేలల్లో ఎలుకలు పడతాడు. రైతులు పిలిచి ఎకరానికి ఇంత అని ఇస్తారు. చేలోకి దిగగానే తవ్వడు. సాయంత్రం గట్టు పొడుగునా ఉన్న బొక్కలన్నిటికీ మట్టితో మూత వేసి వచ్చేస్తాడు. పొద్దున్నే పోయి చూస్తే కొన్ని మళ్ళీ తెరిచి ఉంటాయి, వాటిలో ఎలుక ఉన్నట్టు. మూత మూతగానే ఉన్నవి ఖాళీ. ఇక వాటి జోలికి పోడు. మూతలేసిన పూట చేతికి ఒక్క ఎలుకా రాదు, రైతు మాత్రం ఆ పూటకీ కూలి ఇవ్వాలి, ఒక్కోడు ఇవ్వనంటాడు, నాయన గొడవ పెట్టుకుంటాడు. "మూతెయ్యకుండా తవ్వుకుంటా పోతే గట్టు పోద్ది, ఎలక పోదు" అంటాడంట.

తండా వాడు ఏమీ అనలేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. మేము మాత్రం సెమినార్‌లో ఏడీఎమ్‌ఎక్స్ గ్రాఫు చూపించేటప్పుడు ఈ బొక్కల సంగతే చెప్పాలని రాసుకున్నాం. వాళ్ళ గ్రాఫులో రంగు వేసిన భాగమంతా మూతేసిన బొక్కలే.

ఇక అసలు రాయాల్సింది. ఇంతసేపూ దీన్ని తప్పించుకుంటూ వచ్చాం.

ఏడీఎమ్‌ఎక్స్ వాళ్ళు చేసే పని ఒకటి చదివి ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అప్పుడప్పుడు వాళ్ళలోనే కొద్దిమంది, మిగతా వాళ్ళకి చెప్పకుండా, డబ్బాలోకి ఒక దొంగ సిగ్నల్ పంపిస్తారు. అచ్చం యాక్సియన్‌లా ఉండేది. మిగతా వాళ్ళు దాన్ని పట్టుకోగలరా లేదా అని పరీక్ష. 2021లో వేసిన ఫలితాల్లో అలాంటిదే ఒకటి ఉంది. ఒక సిగ్నల్ కనపడింది, మళ్ళీ విన్నారు, పోలేదు, పరీక్షలు ఒక్కొక్కటీ దాటుకుంటూ వచ్చింది. చివరికి తేలింది, అది తమ వాళ్ళే పెట్టిన దొంగది. ఆలోచించండి. జీవితమంతా వెతుకుతున్నది దొరికిందనుకున్న మనిషికి, అది ఉత్తుత్తిదని చెప్తే ఎలా ఉంటుంది? అయినా ఆ ఏర్పాటు పెట్టుకున్నది వాళ్ళే. తమని తాము మోసం చేసుకోకుండా ఉండటానికి తమ మీదే దొంగని పెట్టుకున్నారు.

మేము ముందు సెమిస్టర్‌లో చేసింది దీనికి సరిగ్గా తిరగేసి.

ఎల్‌సీఆర్ సిరీస్ రెజొనెన్స్ ప్రయోగం. చేసినవాళ్ళకి తెలుసు. కాయిల్ పది మిల్లీహెన్రీ, కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, బోర్డు మీద రాసే ఉంటుంది. ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ కరెంటు చూడాలి, ఎక్కడ ఎక్కువ వస్తే అది రెజొనెన్స్. సూత్రం ప్రకారం 5.03 కిలోహెర్ట్జ్ రావాలి. మాకు 4.1 దగ్గర వచ్చింది. మళ్ళీ చేశాం, 4.1. వైర్లు మార్చాం, 4.1. పన్నెండు మందికి ఒకటే సిగ్నల్ జనరేటర్, వెనక బ్యాచ్ వాళ్ళు కాళ్ళు కదుపుతున్నారు.

అంతకు నెల ముందు వేరే ప్రయోగంలో మాకు తప్పు విలువ వచ్చినప్పుడు వెనక నుంచి ఒకడు అన్నాడు, "సీటు వచ్చినంత ఈజీగా రీడింగ్ రాదు బ్రో". అందరూ నవ్వారు. మేము కూడా నవ్వాం, అదే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. గ్రూపులో ఉన్నవాళ్ళకి ఆ మాట కొత్త కాదు. ఆ రోజు నుంచి ల్యాబులో మా లెక్క ఒకటే: మన చేతిలో తప్పు కనపడకూడదు. వేరేవాళ్ళ తప్పు వాడి ఒక్కడి తప్పు. మన తప్పు మన జాతి తప్పు అయిపోతుంది. అందుకని 4.1 రాగానే మాకు వచ్చింది సందేహం కాదు, భయం. సీనియర్ అన్న రికార్డు అడిగి తెచ్చుకుని, 5.03 దగ్గర శిఖరం వచ్చేలా రీడింగులన్నీ రాసేశాం. గ్రాఫు చాలా అందంగా వచ్చింది. మేడమ్ గుడ్ అని రాసి సంతకం పెట్టారు. మా రికార్డు మొత్తంలో గుడ్ అని ఉన్న పేజీ అదొక్కటే.

దొంగ సిగ్నల్ సంగతి చదివిన రాత్రి చింతూరు వాడు అన్నాడు, "మూడుసార్లు చేస్తే మూడుసార్లూ 4.1 వచ్చింది కదరా. గోల అయితే సగటులో పోవాలి. పోలేదు. అది ఎందుకు వచ్చినట్టు?"

ఈ ప్రశ్న ఆ రోజు ల్యాబులో అడగాల్సింది. ఏడు నెలలు ఆలస్యంగా అడిగాం.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉన్నప్పుడు అటెండర్ అన్నని అడిగి ఆ బోర్డు తీయించాం. పైన రాసింది 0.1 మైక్రోఫారడే. బోర్డు తిరగేసి చూస్తే కెపాసిటర్ మీద చిన్న అంకెలు: 154. 0.1 అయితే 104 ఉండాలి. మొదటి రెండు అంకెలు, మూడోది ఎన్ని సున్నాలో, లెక్క పికోఫారడ్లలో. 154 అంటే పదిహేను పక్కన నాలుగు సున్నాలు, అంటే 0.15 మైక్రోఫారడ్. టంకం కూడా కొత్తగా ఉంది. ఎప్పుడో పాతది కాలిపోతే చేతిలో ఉన్నది వేసి అతికించి, పైన రాసింది మాత్రం అలాగే వదిలేశారు. తండా వాడు ఫోన్ కాలిక్యులేటర్ తీసి సూత్రంలో 0.15 వేశాడు. 4.11 కిలోహెర్ట్జ్.

ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. మా చేతులు సరిగ్గానే కొలిచాయి. వచ్చిన నిజాన్ని మేమే కొట్టేసి, అబద్ధం రాసి, దానికి గుడ్ తెచ్చుకున్నాం.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాం. చెప్తే కాపీ కొట్టామని ఒప్పుకోవాలి. మళ్ళీ అదే మాట అంటారు. చెప్పకపోతే సెమినార్‌లో నిలబడి వాళ్ళు తమ మీదే దొంగని పెట్టుకున్నారని ఏ మొహంతో చెప్తాం? "నేను చెప్పను, నాకు గొడవలొద్దు" అన్నవాడు తండా వాడే. మూడో రోజు స్టాఫ్ రూముకి ముందు నడిచింది కూడా వాడే. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పడు.

మేడమ్ మొత్తం విన్నారు. తిట్టలేదు. బోర్డు తెప్పించి చూశారు. తర్వాత బీరువా తెరిచి పాత రికార్డులు దించారు. మా బ్యాచ్‌వి, మా ముందు సంవత్సరం వాళ్ళవి. ఒక్కొక్కటీ తిప్పుతుంటే 5.03. 5.02. 5.03. 5.04. ఒక్కరికీ 4.1 రాలేదు. మమ్మల్ని చూసి నవ్వినవాడి రికార్డులోనూ 5.03. మేడమ్ సంతకాలు అన్నిటి మీదా ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆ కొత్త కెపాసిటర్ ఎప్పుడు పెట్టారో అటెండర్ అన్నకీ గుర్తు లేదు. కాబట్టి ముందు సంవత్సరం వాళ్ళని ఏమీ అనలేం, వాళ్ళప్పుడు 104 ఉందేమో. మా బ్యాచ్ సంగతి మాత్రం తేలిపోయింది. ఎందుకంటే మేము చేసిన రోజుకి అది 154.

తర్వాత ఏం జరిగిందో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మమ్మల్ని ఎవరూ మెచ్చుకోలేదు. క్లాసంతా ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది, అందరూ మా మీద కోపంగా ఉన్నారు. "హరిశ్చంద్రులొచ్చారు" అంటున్నారు. మా ముగ్గురికీ ఆ ప్రయోగంలో మార్కులు తగ్గాయి, దిద్ది రాసిన రికార్డు కదా. గుడ్ అని ఉన్న పేజీని మేడమ్ చింపనివ్వలేదు. అడ్డంగా ఒక గీత గీయించి, పక్క పేజీలో కొత్త రీడింగులు రాయించారు. 4.1. ఈసారి గ్రాఫు అంత అందంగా లేదు, రెండు చుక్కలు గీతకి దూరంగా పడ్డాయి. వాటిని అలాగే వదిలేశాం.

సెమినార్ కూడా అయిపోయింది. ఇంగ్లీషులో చెప్పాలి, చింతూరు వాడు మొదట్లో తడబడ్డాడు, తర్వాత తెలుగులోకి దిగాడు, మేడమ్ ఆపలేదు. చివర్లో ఒక అమ్మాయి లేచి అడిగింది, మన దేశంలో ఎవరూ వెతకడం లేదా అని. రేడియోతో సంగతి కాదు గానీ, వేరే రకం కృష్ణ పదార్థం కణాల కోసం జాదుగూడలో ఉంది అని చెప్పాం. జార్ఖండ్‌లో, యురేనియం గనిలో, సుమారు 550 మీటర్ల లోతున ల్యాబు, 2017లో మొదలుపెట్టారు, సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది. అంత లోతు ఎందుకంటే పైన నుంచి పడే కాస్మిక్ కిరణాల్ని రాయి ఆపేస్తుంది. ఆ గని ఉన్నది సంతాలీ, హో జనాల నేల మీద. అక్కడిదాకా చెప్పి చింతూరు వాడు ఆగాడు. యురేనియం అనే మాట మన నల్లమల చెంచులకి 2019లో ఎలా వినపడిందో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ గని లోపల కృష్ణ పదార్థం కోసం వెతుకుతున్న వాళ్ళలో ఆ ఊళ్ళ పిల్లలు ఒక్కరైనా ఉన్నారా అని వాడు అడగాలనుకున్నాడు, కానీ ఎవర్ని అడగాలి. కూర్చున్నాడు.

తండా వాడు సంచి విప్పలేదు, సర్దనూ లేదు. మంచం కింద ఉంది. కోచింగ్ సెంటర్ ఫీజు పాంఫ్లెట్ వాడి ఫిజిక్స్ పుస్తకంలో బుక్‌మార్క్‌గా ఉంది. పుస్తకం అయితే తెరుస్తున్నాడు.

ఆదివారం దివిసీమ వాడు ఇంటికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. సెమినార్ బాగా అయిందని చెప్పాడు. నాయన ముందు తిన్నావా అని అడిగాడు, తర్వాత అడిగాడు, "ఇంతకీ ఆ అమెరికా వాళ్ళకి దొరికిందా?"

"లేదు నాయనా, ఇంకా దొరకలేదు."

"మూతేసినవి ఎన్నంట?"

645 నుంచి 1020 దాకా వేసుకుంటూ వచ్చారు, మధ్యలో అక్కడక్కడ కొన్ని సందులు మిగిలాయి అని చెప్పాం ముగ్గురం ఒకేసారి.

"ఆ సందుల్లో చూడమను" అన్నాడు.